వేగాన్ని కొలిచే చీలికలు: మామిడితోట నుంచి గాదంకి రాడార్ దాకా

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో సాయంత్రం పూట పడమటి వైపు కిటికీ పక్కన కూర్చుంటే, మామిడితోటల వెంబడి పోతున్నంతసేపూ ఎండ ముఖం మీద పడుతూ ఆగుతూ ఉంటుంది. చెట్టు అడ్డొస్తే నీడ, సందు వస్తే వెలుగు. పాత పద్ధతి తోటల్లో మామిడి చెట్లకు సుమారు 10 మీటర్ల ఎడం ఉంటుంది. బస్సు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల చొప్పున పోతుంటే, ఎండ సెకనుకు రెండుసార్లు మిణుకుమంటుంది. కళ్లు మూసుకున్నా రెప్పల మీద ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది. డ్రైవర్ ముందున్న స్పీడోమీటర్ చూడక్కర్లేదు. సెకనుకు ఎన్ని మిణుకులో లెక్కపెట్టి, చెట్ల ఎడంతో గుణిస్తే వేగం వచ్చేస్తుంది.

స్పేషియల్ ఫిల్టర్ అనే పేరుతో వేగాన్ని కొలిచే పరికరాలన్నిటి వెనకా ఉన్న లెక్క ఇదొక్కటే. కానీ ఈ పేరు పట్టుకుని చదవడం మొదలుపెట్టినవాళ్లు తొందరగానే తికమకపడతారు. ఒకచోట స్పేషియల్ ఫిల్టర్ అంటే సమాన దూరంలో గీసిన చీలికల వరస, దాని వెనక వెలుగును కరెంటుగా మార్చే ఒక ఫోటోడయోడ్. ఇంకోచోట అదే పేరుతో కంటికి సరిగ్గా ఆనని ఒక సన్నని రంధ్రం, దాని ముందు మైక్రోస్కోపు లెన్స్, మొత్తంగా లేజర్ కాంతిని శుభ్రం చేసే ఏర్పాటు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలకు రెండోది తెలుసు. వాహనాలను పరీక్షించే ఇంజినీర్లకు మొదటిది తెలుసు. ఇద్దరూ ఒకే పేరు వాడుతున్నా ఒకరు చెప్పేది ఇంకొకరికి ఎక్కదు. నా ఉద్దేశంలో ఇవి రెండు వేర్వేరు సంగతులు కావు, ఒకే పనిని రెండు చోట్ల నిలబడి చేయడం. ఆ రెండు చోట్లు ఏవో తేలితే, చంద్రగిరి దాటాక గాదంకిలో ఆకాశం వైపు చూస్తున్న పెద్ద రాడార్ కూడా ఈ కోవలోకే వస్తుందని అర్థమవుతుంది.

చక్రాన్ని నమ్మలేని చోట

వాహనం వేగం చక్రం తిరగడాన్ని బట్టి తెలుస్తూనే ఉంది కదా, మళ్లీ ఈ హంగామా ఎందుకు? చక్రం నిజం చెప్పే పరిస్థితుల్లో అక్కర్లేదు. తిరుమల ఘాట్ రోడ్డులో దిగుతున్న కారు గట్టిగా బ్రేకు వేసిందనుకోండి. చక్రం బిగుసుకుపోయి, బండి మాత్రం జారుతూనే ఉంటే, చక్రాన్ని నమ్ముకున్న మీటరు సున్నా చూపిస్తుంది. టైరులో గాలి తగ్గినా, టైరు అరిగినా ఒక చుట్టుకు బండి కదిలే దూరం మారిపోతుంది. ఘాట్ రోడ్డులో పైనా కిందా టైము వేసి, మరీ తొందరగా దిగినవాళ్లను పట్టుకునే పద్ధతి ఉంది. అది దారి మొత్తానికి సగటు వేగం చెబుతుందే తప్ప ఫలానా మలుపులో ఎంత వేగంతో పోయారో చెప్పదు. బ్రేకుల పనితీరును పరీక్షించే ఇంజినీరుకు ప్రతి క్షణం నేలకూ బండికీ మధ్య ఉన్న అసలు వేగం కావాలి. జర్మనీలో పుట్టిన కొర్రెవిట్ రకం సెన్సర్లను కారు పక్కన బిగించి చేసేది అదే. చక్రంతో పనిలేకుండా నేరుగా రోడ్డును చూసి వేగం చెబుతాయి. ముట్టుకుంటే పాడయ్యేవో, ముట్టుకోలేనంత వేడిగా ఉండేవో అయిన వస్తువుల దగ్గరా ఇదే అవసరం. రోలర్ల మీద పరుగెత్తే కాగితం, ఎర్రగా కాలిన స్టీలు రేకు ఇలాంటివే.

అయితే రోడ్డు మీద సమాన దూరంలో చెట్లు ఉండవు. తారు, కంకర, ఇసుక, నూనె మరకలు, అన్నీ అడ్డదిడ్డంగా ఉంటాయి. అందుకని చెట్లను పరికరంలోనే నాటారు. సెన్సర్‌లో ఒక లెన్స్ పెట్టి రోడ్డు ప్రతిబింబాన్ని సమాంతర చీలికలున్న పలక మీద పడేలా చేస్తారు. చీలికల్లోంచి దాటిన వెలుగంతా వెనకనున్న ఒకే ఒక్క ఫోటోడయోడ్ మీదకు చేరుతుంది. బండి కదిలితే ప్రతిబింబం చీలికల మీదుగా జారుతుంది, ఫోటోడయోడ్‌లో కరెంటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. సమాంతర చీలికలతో ప్రతిబింబ వేగాన్ని పసిగట్టే ఈ పద్ధతిని 1963లో ఏటర్ అనే పరిశోధకుడు అమెరికన్ ఆప్టికల్ సొసైటీ పత్రికలో వివరించాడు. తర్వాతి దశాబ్దాల్లో జపాన్‌లో ఐజు, అసకురా వంటివారు దీన్ని ఒక పూర్తి శాస్త్రంగా పెంచారు.

లెక్క వేసి చూద్దాం. చీలికల మధ్య దూరం అర మిల్లీమీటరు, లెన్స్ రోడ్డును పదో వంతుకు తగ్గించి చూపిస్తోంది అనుకుందాం. అప్పుడు ఆ చీలికలు రోడ్డు మీద 5 మిల్లీమీటర్ల ఎడంతో ఉన్నట్టే లెక్క. మన 72 కిలోమీటర్ల బస్సుకు కరెంటు సెకనుకు 4,000 సార్లు ఊగుతుంది. వేగం సగమైతే 2,000. ఎడం స్థిరం కాబట్టి పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని ఊపులో, కొలిస్తే వేగం చేతికొచ్చినట్టే.

అడ్డదిడ్డంలోంచి ఒకే అల

ఇక్కడ చాలామంది ఆగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అడగరు. చెట్ల విషయంలో సూర్యుడు ఒక్కడే, వెలుగు ఒక్కచోటి నుంచే వస్తుంది కాబట్టి మిణుకులు లెక్కగా వచ్చాయి. రోడ్డు మీద వేల రాళ్లు, వేల మచ్చలు. ఒక్కొక్కటీ ఒక్కో క్షణాన చీలికను దాటుతుంది. అన్నిటి వెలుగూ ఒకే ఫోటోడయోడ్‌లో కలిసిపోతే గందరగోళమే మిగలాలి కదా? 4,000 అనే ఒక్క పౌనఃపున్యం ఎలా బయటపడుతుంది?

జవాబు ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ దగ్గర ఉంది. ఎంత అడ్డదిడ్డంగా ఉన్న నమూనానైనా రకరకాల ఎడాలున్న క్రమబద్ధమైన అలల మొత్తంగా రాయవచ్చు. రోడ్డు గరుకుదనంలో 1 మిల్లీమీటరు ఎడమున్న అల కూడా ఉంది, 5 మిల్లీమీటర్లదీ ఉంది, అర మీటరుదీ ఉంది. ఇప్పుడు ఒక్కో అలను విడిగా చీలికల మీదుగా నడిపించి చూడండి. అల మరీ చిన్నదైతే ఒక్క చీలిక లోపలే దాని వెలుగు భాగాలూ చీకటి భాగాలూ చాలా పడతాయి. ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మొత్తం వెలుగు మారదు. అల మరీ పెద్దదైతే చీలికలన్నీ ఒకేసారి వెలుగులోనో, ఒకేసారి నీడలోనో ఉంటాయి. కరెంటు నింపాదిగా మారుతుందే గానీ వేగంగా ఊగదు. అల ఎడం సరిగ్గా చీలికల ఎడమే అయితే మాత్రం, ఒక క్షణంలో దాని వెలుగు భాగాలన్నీ చీలికల్లో పడతాయి, మరుక్షణం చీకటి భాగాలన్నీ పడతాయి. మొత్తం వెలుగు ఊగిపోతుంది. అంటే చీలికల వరస రోడ్డులోని లెక్కలేనన్ని ఎడాల్లోంచి ఒక్క ఎడాన్ని ఏరి, మిగతావాటిని తోసేసింది. దీన్ని ఫిల్టర్ అనడానికి కారణం అదే. రేడియో ట్యూనర్ కాలంలో ఊగే సంకేతాల్లోంచి ఒకదాన్ని ఏరితే, ఇది స్థలంలో పరుచుకున్న ఎడాల్లోంచి ఒకదాన్ని ఏరుతుంది.

కంప్యూటర్ మౌస్ కూడా ఇలాగే పనిచేస్తుందని కొన్నిచోట్ల రాస్తుంటారు. మనం వాడే మామూలు ఆప్టికల్ మౌస్ చేసేది వేరు. అది బల్ల ఉపరితలాన్ని వరసగా చిన్న చిన్న ఫోటోలు తీసి, ఒక ఫోటో ముందుదానికంటే ఎంత జరిగిందో పోల్చి చూసుకుంటుంది. దానికి ప్రతి ఫోటోనూ దాచుకుని లెక్కలు కట్టే చిప్ కావాలి. చీలికల పద్ధతిలో ఆ లెక్కలో ఎక్కువ భాగం కాంతే చేసిపెడుతుంది. 1960ల్లో, అలాంటి చిప్ ఊహకు కూడా అందని రోజుల్లో, ఇది సాధ్యమైంది అందుకే.

ఏరుకోవడం ఎంత కచ్చితంగా ఉంటుందన్నది చీలికల సంఖ్య మీద ఆధారపడి ఉంది. రెండే చీలికలుంటే 5 మిల్లీమీటర్ల అలకూ 6 మిల్లీమీటర్ల అలకూ తేడా పట్టుకోలేం. 40 చీలికలుంటే పట్టుకోవచ్చు. స్థూలంగా, 40 చీలికలతో పౌనఃపున్యం నలభైలో ఒక వంతు మేర, అంటే రెండున్నర శాతం మేర అటూ ఇటూ పరుచుకుని కనిపిస్తుంది. ఇంతేనా కచ్చితత్వం అనిపించవచ్చు. కానీ ఆ 40 చీలికలు రోడ్డు మీద 20 సెంటీమీటర్ల మేరను చూస్తున్నాయి. 72 కిలోమీటర్ల వేగంలో ఆ మేర సెకనులో వందో వంతులో దాటిపోయి కొత్త ముక్క వస్తుంది. సెకనుకు అలాంటి వంద కొత్త ముక్కలు, వాటి సగటు తీస్తే పొరపాటు పదో వంతుకు, అంటే పావు శాతానికి దిగుతుంది. ఇంకా చీలికలు పెంచితే కచ్చితత్వం పెరుగుతుంది గానీ, బ్రేకు వేసిన క్షణంలో వేగం ఎలా పడిపోయిందో చూడ్డానికి పరికరం బద్ధకంగా తయారవుతుంది. రెండూ కావాలంటే కుదరదు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవాళ్లు మొదట ఒప్పుకోవడానికి ఇష్టపడనిది ఇదే.

ఇంకో చిక్కు కూడా ఈ కొత్త ముక్కల వల్లే వస్తుంది. కొత్తగా చీలికల కిందికి వచ్చిన రోడ్డులోని 5 మిల్లీమీటర్ల అల, పాత ముక్కలోని అలతో కాలు కలిపి నడవాలనే నియమం ఏమీ లేదు. ఒకటి లేస్తున్నప్పుడు ఇంకోటి పడుతూ ఉండవచ్చు. అలా ఎదురుపడినప్పుడు సంకేతం దాదాపు చచ్చిపోయి మళ్లీ లేస్తుంది. ఊగిసలాటలను ఒకటీ రెండూ అని లెక్కపెట్టే సాదా కౌంటరు అక్కడ రెండు మింగేస్తుంది, లేదా ఒకటి ఎక్కువ చెబుతుంది. మంచి పరికరంలో ఎలక్ట్రానిక్స్ పని మొత్తం ఈ చావు క్షణాలను గుర్తుపట్టడమే. సంకేతం బలహీనపడిన చోట లెక్కను నమ్మకుండా, పాత విలువను కాసేపు అలాగే పట్టుకుని, సంకేతం పుంజుకున్నాక మళ్లీ మొదలుపెడుతుంది.

రోడ్డులో 5 మిల్లీమీటర్ల అలే బలంగా లేకపోతే? వాన కురిసిన తారు రోడ్డు మీద నీటి పొర అద్దంలా మెరిసి కింది గరుకుదనాన్ని కప్పేస్తుంది. కుప్పం వైపు నుంచి వచ్చే నునుపు చేసిన గ్రానైట్ పలకను బెల్టు మీద నడిపి కొలవాలన్నా అదే సమస్య. మెరుపు ఎక్కువ, రేణువుల మధ్య తేడా తక్కువ. దీపాన్ని నేలకు బాగా వాలుగా పెడితే గరుకు నేలలో చిన్న ఎత్తుపల్లాలకు నీడలు పడి కాంట్రాస్ట్ పెరుగుతుంది. నునుపు పలకకు ఎత్తుపల్లాలే ఉండవు, కాబట్టి చీలికల ఎడాన్నే దాని రేణువుల పరిమాణానికి తగ్గట్టు ఎంచుకోవాలి. ఏ ఉపరితలాన్ని కొలుస్తున్నామో తెలియకుండా ఎడాన్ని నిర్ణయించకూడదన్న ఈ సంగతి గాదంకి దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

తీసివేతలు, దిక్కు, ఎత్తు

ఫోటోడయోడ్‌కు చేరే వెలుగులో ఎక్కువ భాగం ఊగనిదే. రోడ్డు సగటు వెలుగు, చెట్టు నీడ పడితే తగ్గి, ఎండ తగిలితే పెరిగే వెలుగు. మనకు కావలసిన ఊగిసలాట దాని మీద సన్నని పొరలా ఉంటుంది. చీలికల మధ్య నల్లని పట్టీల మీద పడి వృథాగా పోతున్న వెలుగును కూడా వాడుకుంటే ఈ బాధ తీరుతుంది. పట్టీలూ చీలికలూ బదులు చిన్న చిన్న పట్టకాల వరస పెట్టి, ఒక సగం వెలుగును ఎడమ ఫోటోడయోడ్‌కూ, మిగతా సగాన్ని కుడి ఫోటోడయోడ్‌కూ పంపుతారు. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే సగటు వెలుగు పోయి ఊగిసలాట రెట్టింపవుతుంది. ఇప్పుడు కెమెరా చిప్పుల కాలం కాబట్టి చీలికలు చెక్కే పని కూడా లేదు. కొన్ని పిక్సెళ్లకు ప్లస్, పక్క పిక్సెళ్లకు మైనస్ పెట్టి కూడితే చీలికల వరస సాఫ్ట్‌వేర్‌లోనే తయారవుతుంది. ఎడం మార్చాలంటే ఒక అంకె మారిస్తే సరి.

బండి ముందుకు పోతోందా వెనక్కా అన్నది ఒక్క వరసతో తెలియదు. పావు ఎడం జరిపి రెండో వరస పెడితే, రెండు సంకేతాల్లో ఏది ముందు లేస్తోందో చూసి దిక్కు చెప్పవచ్చు. ఇంతకంటే దీని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఎత్తు సంగతి మాత్రం నిదానంగా చూడాలి. కారు గుంతలో పడితే లెన్స్‌కూ రోడ్డుకూ మధ్య దూరం మారుతుంది. 40 సెంటీమీటర్ల దూరం 42 అయితే ప్రతిబింబం సుమారు ఐదు శాతం చిన్నదవుతుంది. ఆ మేరకు వేగం తప్పు వస్తుంది. సగటు తీసి సాధించిన పావు శాతం కచ్చితత్వం గుంతలో పోయినట్టే. దీనికి విరుగుడుగా లెన్స్ వెనక, సరిగ్గా దాని నాభి ఉన్న చోట, ఒక చిన్న రంధ్రం పెడతారు. లెన్స్ అక్షానికి సమాంతరంగా వచ్చే కిరణాలన్నీ నాభి దగ్గర కలుస్తాయని ఇంటర్‌లో చదువుకున్నదే. కాబట్టి ఆ రంధ్రం గుండా దాదాపు సమాంతర కిరణాలే పోగలవు. రోడ్డు దగ్గరైనా దూరమైనా సమాంతర కిరణం పోయే దారి మారదు. ప్రతిబింబం కాస్త మసకబారవచ్చు గానీ దాని పరిమాణం మారదు. ఇలాంటి ఏర్పాటును టెలిసెంట్రిక్ లెన్స్ అంటారు.

మసక గురించి భయపడక్కర్లేదు. ఈ పరికరానికి కొంచెం మసక మంచిదే. చీలికలు పదునైన అంచులతో ఉంటే అవి 5 మిల్లీమీటర్ల అలతో పాటు దానిలో మూడో వంతు ఎడమున్న అలకు కూడా కొంత స్పందిస్తాయి. అప్పుడు 4,000తో పాటు 12,000 దగ్గర ఒక దొంగ సంకేతం వస్తుంది. ప్రతిబింబం కాస్త మసకైతే ఆ చిన్న అల ముందే తుడిచిపెట్టుకుపోతుంది. నాభి దగ్గరి రంధ్రాన్ని చిన్నది చేసినా అదే ఫలితం, ఎందుకంటే సన్నని వివరాలను మోసుకొచ్చే కిరణాలు పెద్ద కోణంలో వస్తాయి, అవి రంధ్రం అంచుకు తగిలి ఆగిపోతాయి.

అంటే ఈ వేగం కొలిచే పరికరంలోనే రెండు రకాల స్పేషియల్ ఫిల్టర్లూ ఉన్నాయన్నమాట. ప్రతిబింబం పడే చోట చీలికల వరస, నాభి ఉన్న చోట రంధ్రం.

లెన్స్ నాభి దగ్గర ఏముంది

లేజర్ కాంతి ముందు ఒక పలచని గుడ్డ ముక్క పెట్టి, వెనక లెన్స్ పెట్టి, దాని నాభి దగ్గర తెల్లకాగితం పట్టుకుంటే గుడ్డ ఆకారం కనిపించదు. మధ్యలో ఒక మెరిసే చుక్క, దాని చుట్టూ అడ్డంగా నిలువుగా లెక్కగా పేర్చినట్టు మరికొన్ని చుక్కలు కనిపిస్తాయి. గుడ్డలోని దారాల మధ్య ఎడం ఎంత తక్కువైతే చుక్కలు అంత దూరంగా జరుగుతాయి. లెన్స్ ఆ గుడ్డలోని అలలను ఎడాన్ని బట్టి విడదీసి, ఒక్కొక్కదాన్నీ ఒక్కో చోట కూర్చోబెట్టింది. ఫోరియర్ కాగితం మీద చేసిన పనిని గాజు ముక్క ఏ లెక్కా లేకుండా చేస్తుంది.

జర్మనీలో ఎర్నెస్ట్ అబ్బే 1873లో మైక్రోస్కోపు గురించి ఆలోచిస్తూ ఈ దారి పట్టాడు. 1906లో అమెరికన్ శాస్త్రవేత్త పోర్టర్ ఆ ఆలోచనను ప్రయోగంతో చూపించాడు. అడ్డదారాలూ నిలువుదారాలూ ఉన్న సన్నని జాలీ పెట్టి, నాభి దగ్గర ఒక్క సన్నని అడ్డపు చీలికలోంచి మాత్రమే కాంతిని పోనిస్తే, అవతలి తెర మీద నిలువు దారాలు మాత్రమే మిగిలాయి. అడ్డదారాలు జాలీలో అలాగే ఉన్నాయి, ప్రతిబింబంలో లేవు. మన కాలేజీ ల్యాబుల్లో ఇది చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఒక చిన్న లేజర్, రెండు లెన్సులు, సన్నని ఇనుప జాలీ ఉంటే చాలు. ఆప్టిక్స్ పాఠాన్ని బోర్డు మీద సమీకరణాలతో మొదలుపెట్టే బదులు ఈ జాలీతో మొదలుపెడితే సగం పని తగ్గుతుందని నా అభిప్రాయం.

లేజర్ ల్యాబులో రోజూ వాడే సూది రంధ్రం ఇదే సూత్రానికి అన్నిటికంటే సాదా రూపం. లేజర్ కాంతి దుమ్ము కణాల మీదుగా, లెన్సుల మీది గీతల మీదుగా వచ్చేసరికి అందులో వలయాలు, మచ్చలు చేరతాయి. వాటన్నిటికీ ఎడం చిన్నది. శుభ్రమైన కాంతి మాత్రం నింపాదిగా, మధ్యలో ఎక్కువగా అంచుల్లో తక్కువగా ఉంటుంది. నాభి దగ్గర ఈ శుభ్రమైన భాగం మధ్యలో పడుతుంది, మచ్చలు పక్కలకు పోతాయి. మధ్య భాగాన్ని మాత్రమే రంధ్రంలోంచి పోనిస్తే మచ్చలు ఆగిపోతాయి. హీలియం-నియాన్ లేజర్ తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు. కాంతిపుంజం వెడల్పు 0.8 మిల్లీమీటర్లు, లెన్స్ నాభ్యంతరం 16 మిల్లీమీటర్లు అయితే నాభి దగ్గర చుక్క వెడల్పు సుమారు 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దానికి ఒకటిన్నర రెట్లు తీసుకుని 25 మైక్రాన్ల రంధ్రం వాడతారు. అంత చిన్న చుక్కను అంత చిన్న రంధ్రంలోకి సరిగ్గా దింపాలంటే మూడు మరలనూ వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. మొదటిసారి చేసేవాళ్లకు టెన్షన్ తప్పదు. 0.1 మిల్లీమీటరు ఎడమున్న మచ్చ ఇదే ఏర్పాటులో మధ్య నుంచి సుమారు 100 మైక్రాన్ల దూరంలో పడుతుంది, రంధ్రం దరిదాపుల్లోకి కూడా రాదు.

అడ్డుపెట్టేది రంధ్రమే కానక్కర్లేదు. 1864లో జర్మన్ శాస్త్రవేత్త ట్యోప్లర్ నాభి దగ్గర కత్తి అంచు పెట్టి సగం కాంతిని ఆపితే, కంటికి కనపడని వేడిగాలి సుడులు కనిపించాయి. ఆ పద్ధతితోనే తర్వాత ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ తూటా ముందు ఏర్పడే ఆఘాత తరంగాన్ని (షాక్ వేవ్) ఫోటో తీయించాడు. డచ్ శాస్త్రవేత్త జెర్నికె నాభి దగ్గర కాంతిని ఆపకుండా మధ్య భాగం దశను, అంటే అల లేచి పడే వరసను, మాత్రం పావు తరంగం మేర మార్చి, రంగు వేయకుండానే జీవకణాలను మైక్రోస్కోపులో చూసే వీలు కల్పించాడు. దానికి 1953లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మొదటి తికమకకు రావచ్చు. రెండు ఫిల్టర్లూ అలలను ఎడాన్ని బట్టి ఏరుతాయి. రంధ్రం విషయంలో వాటిని ముందే విడదీసే పని లెన్స్ చేస్తుంది, విడిపోయిన చోట మనం కొన్నిటిని ఆపుతాం, వస్తువు కదలాల్సిన అవసరం లేదు. చీలికల విషయంలో అలలు విడిపోలేదు, ప్రతిబింబంలో కలిసే ఉన్నాయి. కదలిక వాటిని చీలికల మీదుగా లాక్కుపోతున్నప్పుడు, ఎడం సరిపోయినది మాత్రమే ఊగి బయటపడుతుంది. వేగం కొలవడానికి రెండోది కావాలి, ఎందుకంటే అందులో మాత్రమే ఎడం కాలంలోకి మారి పౌనఃపున్యంగా కనిపిస్తుంది.

చీలికలను కాంతితోనే గీస్తే

రోడ్డుకు బదులు నీళ్లు పారే గొట్టంలో వేగం కొలవాలంటే పలకను నీళ్లలో ముంచలేం. 1964లో అమెరికాలో యే, కమిన్స్ అనే ఇద్దరు లేజర్ కాంతిని ప్రవాహంలోకి పంపి, అందులోని సన్నని రేణువుల నుంచి వచ్చిన కాంతిలో డాప్లర్ మార్పును, అంటే కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే తేడాను, పట్టుకున్నారు. తర్వాత వచ్చిన పద్ధతిలో రెండు లేజర్ కిరణాలను ప్రవాహం లోపల ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తారు. అవి కలిసిన చోట వ్యతికరణం వల్ల, అంటే ఒకచోట బలపడి ఇంకోచోట కొట్టేసుకోవడం వల్ల, వెలుగు, చీకటి పట్టీలు ఏర్పడతాయి. గాజు పలక లేకుండానే నీళ్లలో చీలికలు వెలిశాయన్నమాట. రెండు కిరణాల మధ్య కోణం 10 డిగ్రీలైతే హీలియం-నియాన్ కాంతికి పట్టీల ఎడం సుమారు 3.6 మైక్రాన్లు. రేణువు సెకనుకు 1 మీటరు వేగంతో దాటితే అది సెకనుకు దాదాపు 2,75,000 సార్లు మిణుకుమంటుంది. పాఠ్యపుస్తకం దీన్ని డాప్లర్ సూత్రంతో వివరిస్తుంది, చీలికల లెక్కతో చేసినా అదే అంకె వస్తుంది. చీలికల లెక్కే అర్థం చేసుకోవడానికి సులువు. మిణుకుల లెక్క వేగం మీద, ఎడం మీద మాత్రమే ఆధారపడుతుందని, కాంతి రంగు ఆ ఎడాన్ని నిర్ణయించడానికి మాత్రమే అక్కరకొస్తుందని వెంటనే కనిపిస్తుంది.

గాదంకిలో 2.83 మీటర్లు

గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1990ల తొలినాళ్ల నుంచి ఒక పెద్ద రాడార్ పనిచేస్తోంది. సుమారు 130 మీటర్ల చదరంలో పాత టీవీ యాంటెనాల తరహా యాగీ యాంటెనాలు 1,024 నిలబెట్టి, 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపి, గాలి వేగాన్ని కొలుస్తారు. పైన కొలవడానికి మేఘమూ చినుకూ ఉండక్కర్లేదు, శుభ్రమైన ఆకాశం చాలు. ఏమీ లేని గాలి నుంచి తరంగం ఎలా తిరిగొస్తుంది?

గాలి ఏమీ లేనిది కాదు. ఉష్ణోగ్రత, తేమ చోటుచోటుకూ కొద్దికొద్దిగా మారుతుంటాయి. దాంతో వక్రీభవన గుణకంలో, అంటే తరంగాన్ని గాలి ఎంత వంచుతుందో చెప్పే అంకెలో, పది లక్షల్లో ఒక వంతు స్థాయి తేడాలు వస్తాయి. తారు రోడ్డులా ఇదీ అడ్డదిడ్డమైన నమూనానే. ఇందులో సెంటీమీటర్ల ఎడమున్న అలలూ, మీటర్లవీ, కిలోమీటర్లవీ ఉన్నాయి. 53 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 5.66 మీటర్లు. తరంగం పైకి వెళ్లి తిరిగి రావాలి కాబట్టి, అందులో సగం ఎడమున్న పొరల నుంచి వచ్చే ప్రతిధ్వనులు మాత్రమే ఒకదానితో ఒకటి కలిసి బలపడతాయి. మిగతా ఎడాలవి కొట్టేసుకుంటాయి. అంటే ఈ రాడార్ గాలిలోని అన్ని ఎడాల్లోంచి 2.83 మీటర్లను మాత్రం ఏరుకుంటోంది. ఆ పొరలు రాడార్ వైపు సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తుంటే తిరిగొచ్చిన తరంగంలో డాప్లర్ మార్పు 10ని 2.83తో భాగిస్తే వచ్చేదే, సుమారు మూడున్నర హెర్ట్జ్. సెకనుకు 5 కోట్ల 30 లక్షల సార్లు ఊగే తరంగంలో మూడున్నర ఊపుల తేడా పట్టుకోవాలి. పక్కగా వీచే గాలిని పట్టడానికి పుంజాన్ని నడినెత్తి నుంచి 10 డిగ్రీలు వాలుస్తారు, అప్పుడు గాలి వేగంలో ఆరో వంతు మాత్రమే పుంజం దిశలో కనిపిస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో మన మీద 15, 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి వీచే జెట్ గాలిని 1958లో వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం పరిశోధన పత్రంలో వర్ణించారు. అది సెకనుకు 30 మీటర్లు వీచినా, వాల్చిన పుంజంలో తేడా రెండు హెర్ట్జ్ లోపే.

53 మెగాహెర్ట్జే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు గ్రానైట్ పలక దగ్గర చెప్పుకున్నదే. గాలిలో పెద్ద సుడులు విరిగి చిన్నవి అవుతూ, ఒక ఎడం కంటే తక్కువకు వచ్చేసరికి గాలి జిగటతనం వాటిని చెరిపేస్తుంది. నేల దగ్గర ఆ హద్దు సెంటీమీటరు లోపు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి హద్దు పెరుగుతూ పోతుంది. 1.3 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసే చిన్న విండ్ ప్రొఫైలర్లు (ఎత్తును బట్టి గాలి వేగం కొలిచే రాడార్లు) ఏరుకునే ఎడం 11, 12 సెంటీమీటర్లు, కాబట్టి అవి కొద్ది కిలోమీటర్ల ఎత్తుతో సరిపెట్టుకుంటాయి. దాదాపు మూడు మీటర్ల ఎడం అయితే 20 కిలోమీటర్ల పైన కూడా దొరుకుతుంది. ఇంకా పైకి పోతే అదీ చెరిగిపోతుంది. మళ్లీ 65 నుంచి 85 కిలోమీటర్ల మధ్య పగటిపూట ఎండకు విడివడిన ఎలక్ట్రాన్లు ఆ తేడాలను పెంచి చూపిస్తాయి కాబట్టి ప్రతిధ్వనులు తిరిగి మొదలవుతాయి. మధ్యలో, సుమారు 30 నుంచి 60 కిలోమీటర్ల వరకు, ఈ రకం రాడార్లకు ఏరుకోవడానికి ఏమీ ఉండదు.

ఆ ఖాళీలోకి గాదంకిలోనే ఉన్న లైడార్, అంటే రేడియో తరంగాల బదులు లేజర్ వాడే రాడార్ లాంటిది, చూస్తుంది. జపాన్ సహకారంతో 1998లో వచ్చిన ఈ పరికరం 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను రాత్రిపూట పైకి పంపి, గాలి అణువులు చెదరగొట్టిన కాంతిని టెలిస్కోపుతో పడుతుంది. దాని నుంచి 30 కిలోమీటర్ల పైన ఉష్ణోగ్రత లెక్కకడతారు. అణువులు అన్ని ఎత్తుల్లోనూ ఉంటాయి కాబట్టి ఇక్కడ ఏ ఎడాన్నీ ఏరుకోనక్కర్లేదు. అయినా లైడార్ టెలిస్కోపుల నాభి దగ్గర ఒక రంధ్రం ఉంటుంది. నాభి దగ్గర ఒక్కో చుక్క ఆకాశంలో ఒక్కో దిక్కు కాబట్టి, ఆ రంధ్రం లేజర్ పోయిన దిక్కును మాత్రం ఉంచి, మిగతా ఆకాశపు వెలుగును ఆపేస్తుంది. దాన్ని చిన్నది చేసేకొద్దీ నేపథ్యపు వెలుగు తగ్గుతుంది. మరీ చిన్నది చేస్తే పైకి పోతూ విచ్చుకునే లేజర్ పుంజం అందులో పూర్తిగా పట్టదు. కాబట్టి ముందు లేజర్ ఎంత కోణంలో విచ్చుకుంటోందో కొలిచి, రంధ్రాన్ని దానికంటే కాస్త పెద్దదిగా ఉంచుతారు.